నీడ లేని ముఖం: ఒకే మనిషికి మూడు బొమ్మలు

సంక్రాంతి అయ్యాక

ఒకే ముఖాన్ని మూడు రకాలుగా వెయ్యాలన్నది ఈ ఏడాది పెట్టుకున్న పని. మొదటిది కాగితం మీద, 1600ల తొలినాళ్లలో నాన్‌జింగ్‌లో పేరు తెచ్చుకున్న చైనా చిత్రకారుడు జెంగ్ జింగ్ పద్ధతిలో. రెండోది పట్టు మీద, బీజింగ్ రాజాస్థానంలో పనిచేసిన ఇటలీ చిత్రకారుడు జుసెప్పె కాస్తిల్యోనె పద్ధతిలో. మూడోది కాన్వాస్ మీద నూనె రంగుల్లో, 1830ల కాంటన్ (నేటి గ్వాంగ్‌జౌ) రేవులో చైనా చిత్రకారుడు లామ్‌క్వా వేసినట్టుగా. చైనా చిత్రకారులూ యూరప్ చిత్రకారులూ మనిషి ముఖం దగ్గర కలుసుకున్న మూడు చోట్లు ఇవి. పుస్తకాల్లో చదివాను, ముద్రణలు చాలా చూశాను. అయినా కుంచె పట్టుకుంటే తప్ప తెలియని సంగతులు కొన్ని ఉంటాయని నా నమ్మకం.

నేను కాలేజీలో నేర్చుకున్నది నూనె రంగులే. కిటికీ ఒక పక్కన ఉండాలి, ఆ పక్క చెంప వెలగాలి, రెండో చెంప నీడలోకి జారాలి, ముక్కు నీడ పైపెదవి మీద పడాలి. ముఖానికి గుండ్రదనం అలాగే వస్తుందని ఎంత గట్టిగా నేర్పారంటే, ఇంకో దారి ఉంటుందన్న ఆలోచనే చాలాకాలం రాలేదు. ఇప్పుడు ఆ ఇంకో దారి కోసమే ఈ పని.

బొమ్మకు కూర్చునేది మా పెద్దమ్మ. డెబ్భై దాటాయి. చెంపలు లోపలికి పోయి, దవడ ఎముక బాగా తేలిన ముఖం. "కూర్చోమంటే కూర్చుంటాను గానీ, టీవీ మాత్రం కట్టెయ్యనే" అంది. సరేనన్నాను.

మాఘమాసం, కాగితం బొమ్మ

మత్తెయో రిచ్చి అనే ఇటలీ జెసూయిట్ (కేథలిక్ మత ప్రచారకుడు) 1582లో చైనా తీరంలోని మకావు చేరాడు, 1601లో బీజింగ్‌లో స్థిరపడ్డాడు. చక్రవర్తికి ఇచ్చిన కానుకల్లో గడియారాలతో పాటు క్రీస్తు, మేరీమాత చిత్రాలు కూడా ఉన్నాయి. ఆ బొమ్మల్లో ముఖాలు గోడలోంచి ముందుకు వచ్చినట్టు ఎందుకున్నాయని నాన్‌జింగ్‌లో అడిగారట. చైనా చిత్రకారులు వెలుగు పడిన భాగమే వేస్తారు, మేం వెలుగూ నీడా రెండూ వేస్తాం, అందుకే మా ముఖాలకు ఎత్తుపల్లాలు వస్తాయి అని రిచ్చి జవాబిచ్చినట్టు గూ చియువాన్ అనే పండితుడు రాసిపెట్టాడు. చైనా, యూరప్ చిత్రకళల మధ్య తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా నడిచిన తగాదా అంతా ఈ ఒక్క జవాబులో ఉంది.

జెంగ్ జింగ్ (1564–1647) ఫూజియాన్ ప్రాంతం వాడు. నాన్‌జింగ్‌లో పనిచేశాడు. అతను వేసిన ముఖాల మీద పలచని పూతలు పదుల కొద్దీ ఉంటాయని అప్పటివాళ్లే రాశారు. యూరప్ బొమ్మలు చూసి ఈ పద్ధతి పట్టాడా, సొంతంగా వచ్చాడా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 1616లో అతను వేసిన వాంగ్ షిమిన్ చిత్రం ముద్రణ నా బల్ల ముందు అతికించాను. పాతికేళ్లు నిండని కుర్రవాడు, చేతిలో తెల్ల చామర కుంచె, మెత్తటి ముఖం. ఏ పక్క నుంచి వెలుతురు వస్తోందో చెప్పడం సాధ్యం కాదు. అయినా ముఖం చదునుగా లేదు.

పెద్దమ్మ ముఖాన్ని ముందు సిరాతోనే కట్టాను. ముక్కు రెండు పక్కలా, కంటిగుంట లోపలి మూల, కింది పెదవి కింద, దవడ అంచు. బాగా పలచన చేసిన సిరా పూత, ఆరనివ్వడం, మళ్లీ పూత. ఈ సిరా పనంతా పూర్తయ్యాకే జాజు రంగు. ఒక్కో పూత విడిగా చూస్తే అసలు కనిపించదు. కాగితం తడిసినట్టు ఉంటుందంతే. చాలా పూతలు పడ్డాక ఒక సాయంత్రం దవడ ఎముక ఉన్నట్టుండి కాగితంలోంచి లేచింది. ఏ పూతతో లేచిందో చెప్పలేను.

ఈ బొమ్మ గురించి ఇంతకంటే రాయడానికి లేదు. చేతికి ఓపిక నేర్పింది. అసలు పని పట్టు దగ్గర.

శివరాత్రి ముందు, పట్టు బిగింపు

కాస్తిల్యోనె 1688లో మిలాన్‌లో పుట్టాడు. 1715లో మకావు మీదుగా బీజింగ్ చేరేటప్పటికి 27 ఏళ్లు. 1766లో అక్కడే చనిపోయాడు. మధ్యలో మళ్లీ ఇటలీ ముఖం చూడలేదు. లాంగ్ షీనింగ్ అన్న చైనా పేరుతో ముగ్గురు చక్రవర్తుల దగ్గర పనిచేశాడు: కాంగ్‌షీ, యాంగ్‌జెంగ్, చియన్‌లాంగ్. అప్పటికే పూర్తిగా శిక్షణ పొందిన యూరప్ చిత్రకారుడు కూర్చుని పట్టు, చైనా కుంచెలు, నీటి రంగులు మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. నూనె రంగుల్లో తప్పు పడితే గీకెయ్యొచ్చు, పైన ఇంకో పూత వెయ్యొచ్చు. పట్టు మీద పడ్డ గీత పడ్డట్టే. ఆ తేడా నాకు ఈ వారమే ఒంటికి తెలిసింది.

పచ్చి పట్టు తెప్పించాను. దాన్ని చెక్క చట్రానికి బిగించి జిగురు, పటిక కలిపిన నీళ్లు పూయాలి. అలా పూయకపోతే రంగు బట్టలో పాకిపోతుంది. వేసవిలో ఏడు పాళ్ల జిగురుకు మూడు పాళ్ల పటిక, చలికాలంలో పది పాళ్ల జిగురుకు మూడు పాళ్ల పటిక అని చైనా చిత్రకళ పాత పాఠాల్లో ఉంది. మన మాఘమాసం వాళ్ల ఏ కాలానికి సరిపోతుందో ఆలోచించి వేసవి కొలతే తీసుకున్నాను. జిగురు ముక్కలు రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి, పొద్దున వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. నేరుగా పొయ్యి మీద పెడితే జిగురు పట్టు తప్పుతుంది. పటిక విడిగా కరిగించి, చల్లారాక కలపాలి. పటిక ఎక్కువైతే ఆరాక పట్టు మీద సన్నటి మెరుపు పొడి తేలుతుంది, కుంచె గరగరమంటుంది. తక్కువైతే నీటిబొట్టు ఇంకిపోతుంది. ఒక మూల బొట్టు వేసి చూశాను. గుండ్రంగా నిలబడింది.

పట్టు అందం ఏమిటంటే వెనక నుంచి కూడా రంగు వెయ్యొచ్చు. ముఖం పడే చోట వెనక వైపు తెల్ల రంగు పూస్తే, ముందు వైపు పోగుల సందుల్లోంచి ఆ తెలుపు లోపలి కాంతిలా వస్తుంది. ఆ రోజుల్లో సీసపు తెలుపు వాడేవాళ్లు. అది విషం కాబట్టి నేను టైటానియం తెలుపు పెట్టాను.

హోళీ నాటికి, పట్టు మీద ముఖం

చెయ్యి అలవాటు చేసుకోవాల్సిన పని ఒకటుంది. రెండు కుంచెలు ఒకే చేతిలో పట్టుకోవాలి. ఒకదానిలో రంగు, రెండోదానిలో మంచినీళ్లు. రంగు కుంచెతో ముక్కు పక్కన చిన్న గీత పెట్టి, వెంటనే వేళ్ల మధ్య కుంచెలు మార్చి, నీళ్ల కుంచెతో ఆ గీత ఒక అంచును చెంప వైపు లాగాలి. రెండో అంచు గట్టిగానే ఉండాలి. రంగు ఆరేలోపు ఇదంతా అయిపోవాలి. ఫ్యాన్ తిరుగుతుంటే అసలు కుదరదు. ఫ్యాన్ ఆపేస్తే పెద్దమ్మకు చెమట్లు. అందుకని ఆవిడ్ని పొద్దున్నే కూర్చోబెడుతున్నాను.

కాస్తిల్యోనె ముఖాల్లో నాకు బాగా పట్టింది 1736 నాటి, చుట్టి దాచే పొడవాటి బొమ్మ. ఇప్పుడు క్లీవ్‌ల్యాండ్ మ్యూజియంలో ఉంది. సుమారు 53 సెంటీమీటర్ల ఎత్తు, ఏడు మీటర్లకు కాస్త తక్కువ పొడవు. చియన్‌లాంగ్ చక్రవర్తి, ఆయన పట్టపురాణి, పదకొండు మంది ఇతర భార్యలు వరసగా. వీటిలో మొదటి కొన్ని ముఖాలే కాస్తిల్యోనె చేతివని, మిగతావి వేరేవాళ్లవని పండితుల అంచనా. కొత్తగా సింహాసనం ఎక్కిన పాతికేళ్ల చక్రవర్తి ముఖం పెద్దది చేసుకుని గంటల తరబడి చూశాను. వెలుతురు ఎదురుగా, దాదాపు మన కళ్ల దగ్గర నుంచే పోతోంది. రెండు చెంపలూ సమానంగా వెలుగుతున్నాయి. ముక్కు నీడ పెదవి మీద పడలేదు. గడ్డం నీడ మెడ మీద పడలేదు. మరి ముఖం అంత నిండుగా ఎలా ఉంది?

పెద్దమ్మ ముఖం మీద కుంచె నడుపుతుంటే జవాబు మెల్లగా దొరికింది. ఇక్కడ రంగు చిక్కబడేది వెలుతురు అందని చోట కాదు, చర్మం మన చూపు నుంచి పక్కకు తిరిగే చోట. చెంప చెవి వైపు వంగే చోట, ముక్కు దూలం పక్కకు దిగే చోట, కనురెప్ప గుండ్రంగా మడత పడే చోట. రెండు వైపులా ఒకేలా. అంటే లైటు ఎక్కడుందన్న లెక్క పక్కన పెట్టి, ఎముక ఎటు తిరిగిందన్న లెక్కతో వెయ్యాలి. ఇది నీడ వేయడం కంటే కష్టం. పక్క లైటు పెట్టి సగం ముఖం చీకట్లోకి తోసేస్తే, ఆ సగంలో ఏం తెలియకపోయినా నడిచిపోతుంది. ఇక్కడ దాచుకోవడానికి చీకటే లేదు. ప్రతి అంగుళంలో ఎముక తెలిసి ఉండాలి.

కాస్తిల్యోనె గురించి రాసేవాళ్లలో కొందరు, చక్రవర్తి ఇష్టాల కోసం తన కళను చంపుకున్న పాపం మనిషి అన్నట్టు రాస్తారు. పట్టు మీద ఈ దవడ వేశాక ఆ మాట నేను ఒప్పుకోను. ఇటలీలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానం లేకపోతే ఈ ముఖం ఇలా నిలబడదు. చైనా పూతల పద్ధతి లేకపోయినా నిలబడదు. ఆయన దగ్గర ఉన్నది రాజీ కాదు, కొత్త పద్ధతి.

హోళీ వెళ్లాక, నీడ గొడవ

చైనావాళ్లకు నీడ ఎందుకు నచ్చేది కాదు? నల్లటి నీడ ముఖం మీద మచ్చలా, మసిలా ఉందనేవాళ్లు. చియన్‌లాంగ్‌కు నూనె రంగుల మెరుపు, ముదురు నీడలు నచ్చలేదని ఆస్థానంలో ఉన్న జెసూయిట్ల ఉత్తరాల వల్ల తెలుస్తోంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్-దెనీ అత్తిరె నూనె రంగుల్లో దిట్ట, అతనూ నీటి రంగులకు మారాల్సి వచ్చింది. అయితే నూనె రంగుల్ని పూర్తిగా మానలేదు. 1754లో జంగార్ అనే మంగోల్ తెగ నాయకులు లొంగిపోయినప్పుడు వాళ్ల ముఖాలు వెయ్యడానికి అత్తిరెను వేసవి విడిది చెంగ్డెకు పిలిపించారు. అప్పుడు కాగితం మీద నూనె రంగులతో వేసిన ముఖాలు కొన్ని నేటికీ మిగిలాయి.

పండితులది ఇంకో అభ్యంతరం. జోవ్ ఈగ్వీ అనే ఆస్థాన చిత్రకారుడు పడమటివాళ్ల కొలతల్ని, నీడల్ని, లోతు చూపే నేర్పును మెచ్చుకుంటూనే, వాళ్ల కుంచెలో చేవ లేదు, ఎంత నేర్పున్నా అది పనితనమే గానీ చిత్రకళ కింద లెక్క కాదని తేల్చేశాడు. చాలా కఠినమైన తీర్పు. కానీ తన కళలో గీతకు ఉన్న విలువ తెలిసినవాడు అన్న మాట అది. ఆ విలువ లేకుండా చూస్తే కాస్తిల్యోనె బొమ్మల్లో గీత ఎందుకు అంత సన్నబడి రంగులో కలిసిపోయిందో, అది చైనా కంటికి ఎంత పెద్ద నష్టమో అర్థం కాదు.

ఈ నీడ వద్దనే మాట చియన్‌లాంగ్ కాలంతో పోలేదు. 1903లో క్యాథరీన్ కార్ల్ అనే అమెరికా చిత్రకారిణి చైనా రాజమాత త్సిషీ బొమ్మ వేసేటప్పుడు కూడా ముఖం మీద నీడలు తగ్గించాల్సి వచ్చింది.

మన ఊళ్లలో ఫోటో స్టూడియోలు గుర్తొచ్చాయి. రెండు వైపులా గొడుగు లైట్లు, ముఖం సూటిగా, రెండు చెవులూ కనిపించాలి. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటో అయినా, దండ వేసి గోడకు తగిలించే ఫోటో అయినా సగం ముఖం చీకట్లో ఉంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మనిషిని గౌరవంగా చూపించడం అంటే పూర్తిగా చూపించడం అన్న భావన బీజింగ్ రాజులకే ప్రత్యేకం కాదు.

ముఖం వేసేది చిత్రకారుడే. ఎంత నీడ పడాలో తేల్చేది మాత్రం కూర్చున్న మనిషి. ఈ మూడు బొమ్మల పనిలో నాకు గట్టిగా తోచిన సంగతి ఇదే. చైనా, యూరప్‌ల మధ్య పద్ధతులు అటూ ఇటూ వెళ్లాయంటే చిత్రకారులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నందుకే కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏది తమ ముఖమని ఒప్పుకున్నారో దాన్ని బట్టి కూడా.

ఉగాది దాటాక, కాన్వాస్

ఇప్పుడు కాంటన్. అక్కడ కూర్చున్న మనుషులు వేరు: ఓడల కెప్టెన్లు, టీ వర్తకులు, వాళ్లతో వ్యాపారం చేసే చైనా సేఠ్‌లు. కెప్టెన్లకు కావలసింది లండన్‌లోనో బోస్టన్‌లోనో గోడకు తగిలిస్తే అక్కడి బొమ్మల పక్కన ఇమిడిపోయే బొమ్మ. అంటే పక్క లైటు, ముదురు నేపథ్యం, నీడ. లామ్‌క్వా అసలు పేరు గ్వాన్ చియావ్‌చాంగ్. విదేశీ కోఠీల పక్కనే దుకాణం. అందమైన ముఖాలు వేసే చిత్రకారుడినని బోర్డు పెట్టుకున్నాడని అప్పటి యాత్రికులు రాశారు. 1835లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో అతని బొమ్మ పెట్టారు.

లామ్‌క్వా పద్ధతి అనగానే ఇంగ్లీషు చిత్రకారుడు జార్జ్ చినరీ పేరు వస్తుంది. ఇక్కడ మన హైదరాబాదు కూడా ఈ కథలోకి వస్తుంది. చినరీ లండన్‌లో పుట్టి, 1802 చివర్లో మద్రాసు చేరాడు. 1805లో అక్కడ ఇద్దరు పిల్లల బొమ్మ వేశాడు. హైదరాబాదు రెసిడెంట్ (ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి) జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నీసాల పిల్లలు. ఇంగ్లండుకు ఓడెక్కించే ముందు, హైదరాబాదీ దుస్తుల్లో నిలబెట్టి వేయించారు. అబ్బాయికి ఎర్రటి జామా. ఆ బొమ్మ హైదరాబాదులో ఉన్న తల్లికి చేరింది. తర్వాత ఆ పిల్లల్ని ఆవిడ మళ్లీ చూడలేదు. కోఠీలో ఉన్న ఆ రెసిడెన్సీ భవనం ముందు నుంచి నేను వారానికి ఒకసారైనా వెళ్తుంటాను. చినరీ మద్రాసు నుంచి బెంగాల్ వెళ్లి, అప్పులు నెత్తిమీదికొచ్చి 1825లో మకావు చేరాడు, 1852లో అక్కడే పోయాడు. మద్రాసులో ఆ ఇద్దరు పిల్లల్ని వేసిన చేతి పద్ధతే కాంటన్‌లో లామ్‌క్వా బొమ్మల్లో కనిపిస్తుంది. లామ్‌క్వా తన శిష్యుడు కాదని చినరీ అనేవాడట. తనలాగే వేస్తూ తనకన్నా తక్కువ ధర తీసుకునే మనిషంటే కోపం ఉండటం సహజమే.

కాన్వాస్ మీద నా చెయ్యి ఇంటికి వచ్చినట్టు హాయిగా నడిచింది. ముదురు గోధుమ రంగు నేల, అవిసె నూనె, కిటికీ ఎడమ పక్క. పెద్దమ్మ కుడి చెంప నీడలోకి వెళ్లిపోయింది, ముక్కుపుడక ఒక్క చుక్కగా మెరిసింది. వారం తిరక్కుండానే ముఖం వచ్చేసింది. పట్టు మీద నెల పట్టిన దవడ ఇక్కడ రెండు కుంచె దెబ్బల్లో తేలింది. ఆ వేగం చూస్తే, ఓడ లంగరెత్తేలోపు బొమ్మ ఇవ్వాల్సిన కాంటన్ చిత్రకారులకు ఈ పద్ధతి ఎంత పనికొచ్చిందో తెలుస్తుంది.

అయితే లామ్‌క్వాను దుకాణదారుడిగా మాత్రమే చూస్తే అన్యాయం. పీటర్ పార్కర్ అనే అమెరికా వైద్యుడు 1835లో కాంటన్‌లో కంటి ఆసుపత్రి తెరిచాడు. అక్కడికి పెద్దపెద్ద కణితులతో వచ్చిన రోగుల బొమ్మలు లామ్‌క్వా వేశాడు. అతని మేనల్లుడో, అన్నదమ్ముల కొడుకో అయిన గ్వాన్ ఆతో పార్కర్ దగ్గర శస్త్రచికిత్స నేర్చుకున్నాడు. కోసినందుకు మీరు డబ్బు తీసుకోనప్పుడు వేసినందుకు నేనెలా తీసుకుంటాను అని లామ్‌క్వా అన్న మాట పార్కర్ రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిని చూడటం తేలిక కాదు. కానీ ముఖాలు చూడండి. కూలీలు, పల్లెటూరి ఆడవాళ్లు. మెడ మీద తలంత కణితి ఉన్నా ముఖం నిశ్చలంగా, మర్యాదగా మనవైపు చూస్తుంది. కెప్టెన్ల ముఖాలకు వాడిన వెలుగునీడలే వాళ్లకీ వాడాడు, అంతే శ్రద్ధతో. చైనాలో చక్రవర్తులు, పండితులు, పూర్వీకులు మాత్రమే కూర్చున్న కుర్చీలో ఆ మనుషులు కూర్చున్నారు. మూడు మజిలీల్లో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే.

వైశాఖం, ఇప్పటివరకు

ఎండలు ముదిరాయి. జిగురు నీళ్లు మధ్యాహ్నానికే పులిసి వాసన వస్తున్నాయి, ఏ రోజుకారోజు కొత్తగా కాచుకుంటున్నాను. మూడు ముఖాలూ గోడకు వరసగా ఆనించి పెద్దమ్మను పిలిచాను. కాన్వాస్ దగ్గర చాలాసేపు నిలబడింది. "బాగుందే, కానీ ఈ పక్క చెంప ఏదీ?" అంది. పట్టు దగ్గరికి వెళ్లి, "మా అమ్మలా ఉన్నాను" అంది. కాగితం బొమ్మను చూసి ఏమీ అనలేదు.

పట్టు మీద ఇంకా చీర ఉంది. అది నేను వెయ్యడం లేదు. బీజింగ్ ఆస్థానంలో చాలా బొమ్మలకు ముఖం యూరప్ చిత్రకారుడిది, బట్టలు, నేపథ్యం చైనా చిత్రకారులవి. 1760లో జీగువాంగ్‌గే మందిరానికి వేయించిన వంద మంది యోధుల బొమ్మల్లోనూ అంతే. ఒక బొమ్మలో ఇద్దరి చేతులు ఎలా కలుస్తాయో చూడాలని నాకూ ఉంది. కలంకారీ పనిచేసే స్నేహితురాలు ఒకామె ఒప్పుకుంది. మెడ దగ్గర, పైట మొదలయ్యే చోట వేలెడు వెడల్పు పట్టు ఖాళీగా వదిలాను. అక్కడ ఆమె గీత వచ్చి నా పూతను తాకాలి. పటిక నీళ్ల పూత ఆ భాగంలో మరోసారి వేసి, ఆరాక చట్రం ఆమెకు పంపిస్తాను. నూనె బొమ్మకు వార్నిష్ వెయ్యాలంటే ఇంకా కొన్ని నెలలు ఆగాలి.